పాత బ్రిటిష్ హారర్ నటులు: కుషింగ్‌తో మొదలుపెట్టాలా, లీతోనా?

పాత బ్రిటిష్ హారర్ సినిమాలు చూద్దామనుకునేవారికి మొదటి చిక్కు ఎక్కడ మొదలుపెట్టాలన్నదే. ఒక్క హామర్ ఫిల్మ్స్ సంస్థే 1950ల మధ్య నుంచి 1970ల మధ్య వరకు పదుల కొద్దీ తీసింది. ఎమికస్, టైగన్ లాంటి సంస్థలవి అదనం. పేర్లు చూస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. డ్రాక్యులా మళ్లీ లేస్తాడు, ఫ్రాంకెన్‌స్టైన్ మళ్లీ శవాలు కుడతాడు. ఏ భూతం కావాలో చూసుకుని సినిమా ఎంచుకున్నవాళ్లు రెండు మూడు చూసేసరికి అన్నీ ఒకటేనని వదిలేస్తుంటారు. భూతాన్ని పక్కన పెట్టి నటుణ్ని బట్టి ఎంచుకోమని నేను గట్టిగా చెబుతాను.

దారానికి వేలాడే గబ్బిలాలు, రంగు డబ్బాలోంచి తీసినట్టుండే నెత్తురు ఇవాళ పిల్లల్ని కూడా భయపెట్టవు. వాటి మధ్య నిలబడి, జరుగుతున్నదంతా నిజమేనని నమ్మి, ఒక్క మాట కూడా తేలిగ్గా పలకని నటులున్నారే, వాళ్ల పని మాత్రం చెక్కుచెదరలేదు. చాలామంది నాటకరంగం నుంచి వచ్చినవాళ్లు. డబ్బు తక్కువ సినిమా కదా అని శ్రద్ధ తగ్గించలేదు. ఆ తరం దాదాపు అంతా వెళ్లిపోయింది. వాళ్లను గుర్తుచేసుకోవడమంటే నాకు తెలిసినంతలో వాళ్ల పనిని సరైన వరసలో చూడటమే.

కుషింగా, లీనా

పీటర్ కుషింగ్, క్రిస్టఫర్ లీ 20కి పైగా సినిమాల్లో కలిసి కనిపించారు. పుట్టినరోజులు కూడా పక్కపక్కనే. కుషింగ్ 1913 మే 26న, లీ 1922 మే 27న పుట్టారు. తెర మీద బద్ధశత్రువులు, బయట చివరిదాకా ప్రాణస్నేహితులు. అందుకే ఇద్దరినీ కలిపి ఒకే పేరులా పలకడం అలవాటైపోయింది. నటనలో మాత్రం ఎవరి దారి వారిదే. కుషింగ్ ఎప్పుడూ ఏదో ఒక పని చేస్తూ నటిస్తారు. లీ ఏమీ చేయకుండా నిలబడి నటిస్తారు. మీకు ఏ తరహా నచ్చుతుందో తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే.

కుషింగ్ హారర్‌లోకి వచ్చేనాటికే బ్రిటన్‌లో ఇంటింటికీ తెలిసిన టెలివిజన్ నటుడు. 1954లో బీబీసీ ప్రసారం చేసిన '1984' నాటకంలో విన్‌స్టన్ స్మిత్ ఆయనే. 1957లో టెరెన్స్ ఫిషర్ దర్శకత్వంలో 'ది కర్స్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్' వచ్చింది. అందులో బారన్ ఫ్రాంకెన్‌స్టైన్‌గా ఆయన చేతులను గమనించండి. ఉరితీసిన దొంగ శవాన్ని కోస్తూ, చేతికంటిన నెత్తురును కోటు అంచుకు తుడిచేసుకుంటాడు. ఆ మనిషికి శవమంటే ఎంత చిన్న విషయమో చెప్పడానికి ఇంకో మాట అక్కర్లేదు. ఇంకోచోట, తన రహస్యాన్ని బయటపెడతానన్న పనిమనిషిని రాక్షసుడున్న గదిలో వేసి తాళం పెడతాడు. వెంటనే మర్నాటి ఉదయం: ఫలహారం బల్ల దగ్గర కూర్చుని, మార్మలేడ్ ఇటు అందుకోమని మర్యాదగా అడుగుతుంటాడు. గొంతులో వణుకు లేదు, కంట్లో బరువు లేదు. ఆ మర్యాదే భయం పుట్టిస్తుంది.

చేతిలోకి వచ్చే ప్రతి వస్తువునూ, అది కత్తెరయినా భూతద్దమయినా, ఆయన ముందే సాధన చేసుకుని సెట్‌కి వచ్చేవారు. దాని ఫలితం తెర మీద కనిపిస్తుంది. ఆ ప్రయోగశాలలో ఆ మనిషి ఏళ్ల తరబడి పనిచేసినట్టే ఉంటుంది.

బారన్ పాత్రను ఆయన ఆరుసార్లు చేశారు. మొదటిదాని తర్వాత రెండోదిగా నేను చెప్పేది 1969 నాటి 'ఫ్రాంకెన్‌స్టైన్ మస్ట్ బీ డిస్ట్రాయ్డ్'. బారన్‌లో మిగిలిన కాస్త మనిషితనం కూడా అందులో ఇంకిపోతుంది. దానికి దీటుగా ఫ్రెడీ జోన్స్ ఉన్నారు. మెదడు మార్పిడి జరిగి, పరాయి శరీరంలో మేలుకుని, సొంత భార్య ముందుకు ముఖం చూపలేక తెర చాటు నుంచి మాట్లాడే పాత్ర ఆయనది. హామర్ చరిత్రలో ఇంత గుండె పిండే సన్నివేశం మరొకటి నాకు కనిపించలేదు. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఇందులో ఒక అత్యాచార దృశ్యం ఉంది. చిత్రీకరణ సాగుతుండగా పైనుంచి ఒత్తిడి తెచ్చి పెట్టించారు. కుషింగ్‌కీ, నాయిక వెరోనికా కార్ల్‌సన్‌కీ అది సుతరామూ ఇష్టం లేదు. కథకు దాంతో ఏ సంబంధమూ లేదు కాబట్టి దాటేసి చూసినా పోయేదేమీ లేదు.

బారన్ కాఠిన్యం మీకు పడకపోతే కుషింగ్‌ను వదిలేయకండి. 1972లో ఎమికస్ తీసిన 'టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్'లో ఐదు కథలున్నాయి. ఒక కథలో ఆయన ఆర్థర్ గ్రిమ్స్‌డైక్ అనే ముసలి పారిశుద్ధ్య కార్మికుడు. భార్య పోయింది, వీధి పిల్లలే లోకం. పొరుగునున్న ధనవంతులు ఆయన్ని సాధించి సాధించి ఆత్మహత్య దాకా నెడతారు. కుషింగ్ భార్య హెలెన్ 1971 జనవరిలో కన్నుమూశారు. ఆ దుఃఖం ఆయన్ని మరి వదల్లేదు. ఈ సినిమాలో వేరే పాత్ర ఇవ్వజూపితే, ఇది కావాలని అడిగి తీసుకున్నారు. చనిపోయిన భార్యతో ఆ ముసలాయన మాట్లాడే ఘట్టంలో నటన ఎక్కడ ఆగిందో, జీవితం ఎక్కడ మొదలైందో విడదీయడం కష్టం. కుషింగ్ కెంట్ తీరంలోని విట్‌స్టబుల్ ఊళ్లో చాలాకాలం ఉన్నారు. సముద్రం కనిపించే ఒక చోటుకు ఆ ఊరు ఇవాళ్టికీ ఆయన పేరే పెట్టుకుంది.

ఇక లీ. ఎత్తు 196 సెంటీమీటర్లు. ఆ ఎత్తు వల్లనే చాలా ఏళ్లు వేషాలు దొరకలేదు, ఆ ఎత్తు వల్లనే 1957లో ఫ్రాంకెన్‌స్టైన్ సృష్టించే జీవి పాత్ర దొరికింది. మరుసటి ఏడాది 'డ్రాక్యులా' ఆయన్ని ప్రపంచమంతా తిప్పింది. అందులో ఆయన మాట్లాడేది సినిమా మొదట్లో, అతిథిగా వచ్చిన హార్కర్‌తో మాత్రమే. మెట్లపైన నల్లటి నీడలా కనిపించి, చకచకా దిగివచ్చి, పెద్దింటి మర్యాదతో పలకరిస్తాడు. అంతకుముందు తెర మీద డ్రాక్యులా అంటే సాగదీసిన పరాయి యాస, నెమ్మదైన నడక. లీ వాటిని తీసేసి చురుకైన, అందమైన, తొందరపడే మనిషిని పెట్టారు. ఆ తర్వాత ఒక్క మాట లేదు. ఎర్రబారిన కళ్లు, కోరలు, వేగం, అంతే.

లీ అంటే ఎత్తూ గొంతూ తప్ప ఏముందని ఎవరైనా అంటే నేను 1959 నాటి 'ది మమ్మీ' చూడమంటాను. ఖారిస్ పాత్రకు నాలుక కోసేస్తారు, ఒళ్లంతా పీలికలు చుట్టేస్తారు. ఆయనకు మిగిలింది కళ్లే. నాయికలో తన పూర్వకాలపు రాకుమారిని గుర్తుపట్టి, ఎత్తిన చెయ్యి ఆగిపోయినప్పుడు ఆ కళ్లలో వేల ఏళ్ల ప్రేమ కనిపిస్తుంది. ఈ సినిమాకు తలుపులు బద్దలుకొడుతూ, బురదలో నడుస్తూ ఆయన ఒళ్లు హూనం చేసుకున్నారు.

లీతో వచ్చే ప్రమాదం, అందరూ డ్రాక్యులా వరసనంతా ఒకేసారి చూడబోవడం. హామర్‌కు ఆయన ఏడుసార్లు ఆ వేషం కట్టారు. మొదటిది గొప్పది. 1966 నాటి రెండోది, 'డ్రాక్యులా: ప్రిన్స్ ఆఫ్ డార్క్‌నెస్', బాగుంటుంది గానీ అందులో ఆయనకు ఒక్క మాటా లేదు. రాసిన మాటలు బాగాలేక తానే పలకనన్నానని లీ, అసలు నేను మాటలే రాయలేదని రచయిత జిమ్మీ శాంగ్‌స్టర్ చెబుతూ వచ్చారు. ఆ తర్వాతి వాటిలో ఆయన విసుగు తెలుస్తూనే ఉంటుంది, ఆయన కూడా దాచలేదు. మమ్మీ తర్వాత నేరుగా 1968కి రండి. 'ది డెవిల్ రైడ్స్ అవుట్'లో ఆయన మంచివాడు. క్షుద్రపూజల ముఠా నుంచి స్నేహితుడి కొడుకును కాపాడే ప్రభువు. ఈ కథ రాసిన డెనిస్ వీట్లీ నవలలు తీయమని హామర్ వెంటపడింది కూడా లీయే. ఆ గొంతు బెదిరించడానికి కాక ధైర్యం చెప్పడానికి వాడితే ఎలా ఉంటుందో ఇందులో వినాలి. దాని తర్వాత 1973 నాటి 'ది వికర్ మాన్'. ఈ సినిమా కోసం లీ పైసా తీసుకోకుండా పనిచేశారు, తన సినిమాల్లో ఇదే మేలైనదని చాలాసార్లు అన్నారు.

'లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లో సారుమాన్‌గానే లీని ఎరిగినవాళ్లు మనలో ఎక్కువ. 1998లో వచ్చిన 'జిన్నా'లో జిన్నా వేషం వేసిందీ ఆయనే, పక్కన శశి కపూర్. తన జీవితంలో అతి ముఖ్యమైన పాత్ర అదేనని చెప్పుకున్న మనిషిని కోరలతోనే గుర్తుపెట్టుకోవడం నాకు బాధగా ఉంటుంది.

అయితే ఎవరితో మొదలుపెట్టాలి? నా ఓటు కుషింగ్‌కే. లీ భయంకరంగా కనిపించాలంటే ఎదురుగా భయపడే మనిషి నిజంగా భయపడాలి. ఆ పని కుషింగ్‌లా చేసినవారు లేరు. ముందు ఆయన్ని చూసి, ఆయన చూపు వెంట వెళితే లీ ఇంకా ఎత్తుగా కనిపిస్తారు. ఇద్దరూ ఉన్న 1958 'డ్రాక్యులా' ఒక్కటి చూస్తే సరిపోదా అంటే, ఒకే ఒక్క రాత్రి ఉన్నవారికి సరిపోతుంది. వ్యవధి ఉంటే దాన్ని మూడోదిగా ఉంచుకోండి. ఇద్దరూ నిజంగా తలపడేది ఆఖర్లోనే. కుషింగ్ బల్ల మీదుగా పరుగెత్తి దూకి కిటికీ తెరలు లాగేస్తారు, రెండు కొవ్వొత్తి స్టాండ్లను అడ్డంగా పట్టి శిలువ చేస్తారు. ఆ కొవ్వొత్తి స్టాండ్ల ఊహ ఆయన సొంతం. ఆ కాలంలో సెన్సార్ కత్తిరించిన కొన్ని షాట్లు జపాన్‌లో మిగిలిన రీళ్లలో దొరికాయి. వాటిని కలిపిన ప్రతి ఇప్పుడు ఉంది. దొరికితే అదే చూడండి.

ఆడవాళ్లలో ఎవరిని ముందు

హామర్ పోస్టర్లు చూసి, నాయికలంటే అరిచి మూర్ఛపోయే బొమ్మలనుకుంటే బార్బరా షెల్లీ దగ్గరికి వెళ్లండి. ఈ మొత్తం జాబితాలో తన వాటాకన్నా తక్కువ పేరు వచ్చినవారు ఎవరంటే నేను ఆమె పేరే చెబుతాను. 'ప్రిన్స్ ఆఫ్ డార్క్‌నెస్'లో ఆమె హెలెన్, బిగుసుకుపోయిన, ప్రతిదానికీ తప్పుపట్టే గృహిణి. ఆ కోట దగ్గరికి పోవద్దని అందరికన్నా ముందు చెప్పేది ఆమె, అందరికన్నా ముందు బలయ్యేవారిలో ఆమె ఒకరు. రక్తపిశాచిగా లేచాక జుట్టు విప్పుకుని నవ్వుతూ చేతులు చాస్తుంది. ఆ మనిషే ఈ మనిషని నమ్మబుద్ధి కాదు. చివరికి మఠంలో సన్యాసులు ఆమెను బల్ల మీద అదిమిపట్టి మేకు దిగ్గొడతారు. అక్కడ రాక్షసి ఎవరు, బాధితురాలు ఎవరు అన్న ప్రశ్నను ఆ పెనుగులాటతోనే మనలో వేస్తారు షెల్లీ. సినిమా మొత్తానికి నిజమైన భయం డ్రాక్యులాది కాదు, ఆమెది.

1964 నాటి 'ది గోర్గన్'లో ఆమె కార్లా. తల మీద పాములున్న రాక్షసిగా కూడా తానే చేస్తానని, బతికున్న పాములతో విగ్గు కట్టమని అడిగారు. నిర్మాత ఒప్పుకోలేదు. వేరే నటితో, రబ్బరు పాములతో చేయించారు. ఆఖరి ఘట్టం ఎందుకు తేలిపోయిందో ఇప్పుడు మీకు తెలుసు. సైన్స్ ఫిక్షన్ ఇష్టమున్నవారు 1967 నాటి 'క్వాటర్‌మాస్ అండ్ ది పిట్' చూడాలి. లండన్ భూగర్భ రైలు స్టేషన్ తవ్వకాల్లో ఏదో బయటపడుతుంది. ఆండ్రూ కీర్ ప్రొఫెసర్, షెల్లీ శాస్త్రవేత్త. షెల్లీ 2021 జనవరిలో వెళ్లిపోయారు.

ఇన్‌గ్రిడ్ పిట్‌ది వేరే ఆకర్షణ. వార్సాలో పుట్టి, చిన్నపిల్లగా తల్లితో పాటు స్టుట్‌హోఫ్ నాజీ శిబిరాన్ని చూసి బతికి బయటపడ్డ మనిషి. 1970 నాటి 'ది వాంపైర్ లవర్స్'లో కార్మిల్లాగా ఆమెలో ఆకలితో పాటు ఒంటరితనం ఉంటుంది. నిర్మాతలు ఆ సినిమాను నగ్నత్వం చూపి అమ్ముకున్నారు, పిట్ మాత్రం పాత్రను నటించారు. మరుసటి ఏడాది వచ్చిన 'కౌంటెస్ డ్రాక్యులా'ను మొదట ఎంచుకోకండి. అందులో ఆమె గొంతును వేరొకరితో డబ్బింగ్ చెప్పించారు. సొంత గొంతు లేని పిట్ సగం పిట్ మాత్రమే.

ఇద్దరిలో ఒకరంటే షెల్లీయే. ఇంట్లో పెద్దలతో కలిసి చూసేవారికైతే మరీను.

కోటలూ కోరలూ వద్దనుకునేవారికి

రక్తం అసలు పడని పాఠకులుంటారు. వాళ్లకు రెండే చాలు. 1945లో ఈలింగ్ స్టూడియో తీసిన 'డెడ్ ఆఫ్ నైట్'లో మైకేల్ రెడ్‌గ్రేవ్, మాట్లాడే బొమ్మను ఆడించే కళాకారుడు. బొమ్మ తన మాట వింటోందా, తాను బొమ్మ మాట వింటున్నాడా అన్నది అతనికే తెలియని స్థితిని ఆయన ముఖంలో చూడాలి. 1961 నాటి 'ది ఇన్నోసెంట్స్'లో డెబొరా కెర్, ఒక పెద్ద ఇంట్లో ఇద్దరు పిల్లలకు సంరక్షకురాలు. ఆమెకు కనిపించే దయ్యంగా పీటర్ విన్‌గార్డ్‌కు మాటే లేదు. కిటికీ అవతల ముఖం, అంతే. ఈ రెంటిలో నేను కెర్ వైపే మొగ్గుతాను, ఎందుకంటే ఆ దయ్యాలు ఉన్నాయో లేవో ఆమె మనల్ని చివరిదాకా తేల్చుకోనివ్వరు.

అమెరికాలో పేరు తెచ్చుకుని బ్రిటన్‌లో గొప్ప పని చేసినవారిలో విన్సెంట్ ప్రైస్, బోరిస్ కార్లోఫ్ ముఖ్యులు. ఇద్దరి చేతా ఆ పని చేయించింది ఒకే కుర్ర దర్శకుడు, మైకేల్ రీవ్స్. 1969లో 25 ఏళ్లకే చనిపోయాడు. ప్రైస్‌ను 1968 నాటి 'విచ్‌ఫైండర్ జనరల్'లో చూడండి. మంత్రగత్తెలన్న నెపంతో మనుషుల్ని చంపి డబ్బు చేసుకునే మాథ్యూ హాప్కిన్స్ ఆయన. మిగతా సినిమాల్లో కనిపించే ఆ కొంటెతనం ఇందులో బొత్తిగా లేదు. రీవ్స్‌తో సెట్‌లో రోజూ గొడవే, కానీ ఫలితం చూశాక దర్శకుడు ఏం కోరాడో అర్థమైందని ప్రైస్ ఒప్పుకున్నారు. ఇది క్రూరమైన సినిమా, సున్నిత మనస్కులు దూరంగా ఉండాలి.

కార్లోఫ్ అసలు పేరు విలియం హెన్రీ ప్రాట్. 1887లో లండన్‌లో పుట్టారు, తాతముత్తాతల్లో భారతీయులున్నారు. 1967 నాటి 'ది సోర్సరర్స్' నాటికి ఆయనకు 80 దగ్గరపడింది. పరాయి మనిషి మనసులో దూరి అతని అనుభవాలను ఇంట్లో కూర్చుని అనుభవించే యంత్రం తయారుచేసిన ప్రొఫెసర్ ఆయన. కార్లోఫ్ కోసం వెళ్లినవారు తిరిగొచ్చేటప్పుడు మాట్లాడుకునేది మాత్రం భార్య పాత్ర చేసిన కాథరిన్ లేసీ గురించే. ఆ శక్తి రుచి మరిగిన ముసలామె కళ్లు ఎలా మారతాయో చూడండి.

రెండు నిమిషాల మనుషులు

కొన్ని సినిమాలు చూశాక ఒక ముఖం మళ్లీ మళ్లీ తగులుతుంది. ఊరి చివర మద్యశాల యజమాని, అపరిచితుణ్ని చూసి మాట ఆపేసేవాడు. ఆయన మైకేల్ రిప్పర్, హామర్ సినిమాల్లో అందరికన్నా ఎక్కువగా, 30కి పైగా చిత్రాల్లో కనిపించిన నటుడు. మైల్స్ మాలెసన్ ఇంకొకరు. 'డెడ్ ఆఫ్ నైట్'లో శవాల బండి తోలేదీ ఆయనే, 1958 'డ్రాక్యులా'లో శవపేటికల వ్యాపారీ ఆయనే. మన మైసూరు సాబూ నటించిన 1940 నాటి 'ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్' రచనలో ఒక చెయ్యి మాలెసన్‌ది, అందులో సుల్తాన్ కూడా ఆయనే. అదే 'డ్రాక్యులా'లో ఆర్థర్‌గా ఉన్న మైకేల్ గాఫ్‌ను 1989 'బాట్‌మాన్'లో ఆల్ఫ్రెడ్‌గా మీరు ఇదివరకే చూసి ఉంటారు.

మన దేశం పేరు కనిపించిందని 1959 నాటి 'ది స్ట్రాంగ్లర్స్ ఆఫ్ బాంబే'తో మాత్రం మొదలుపెట్టకండి. థగ్గుల మీద తీసిన ఆ సినిమాలో కాళీ ఉపాసకులంతా ఉన్మాదులే. కలకత్తాలో పుట్టిన మార్న్ మెయిట్‌లాండ్ అందులో ఉన్నారు. ఆయనకు హామర్ ఇచ్చినవన్నీ అనుమానంగా చూసే తూర్పు దేశస్థుడి వేషాలే. ఆయన ప్రతిభకు అది అన్యాయమని నా అభిప్రాయం.

మెయిట్‌లాండ్‌ను చూడాలంటే మెరుగైన చోటు 1966 నాటి 'ది రెప్టైల్'. అదే ఏడాది విడుదలైన 'ది ప్లేగ్ ఆఫ్ ది జాంబీస్'తో పాటు ఒకదాని వెంట ఒకటిగా, థేమ్స్ ఒడ్డున ఉన్న బ్రే స్టూడియోలో, ఒకే ఊరి సెట్‌లో తీశారు. రెంటికీ దర్శకుడు జాన్ గిల్లింగ్, రెంటిలోనూ కార్న్‌వాల్ పల్లె, రెంటిలోనూ జాక్వెలిన్ పియర్స్, రిప్పర్. జట్టుగా చూడటానికి ఇంతకన్నా మంచివి లేవు. ముందు 'ప్లేగ్' చూడండి. అందులో ఆంద్రే మొరెల్ నిబ్బరమైన వైద్యుడు, పియర్స్ సమాధిలోంచి లేచే భార్య, రిప్పర్ ఊరి పోలీసు సార్జెంట్. మర్నాడు 'ది రెప్టైల్'. అందులో పియర్స్ శాపగ్రస్తురాలైన కూతురు. తండ్రి ఎదుట సితార్ వాయిస్తూ వేగం పెంచుకుంటూ పోయే ఘట్టంలో ఆమె ఒక్క మాట మాట్లాడకుండా అతన్ని ధిక్కరిస్తుంది. బోర్నియో పాముల పూజకూ సితార్‌కూ ముడిపెట్టిన కథను క్షమించి ఆమె ముఖాన్నే చూడండి. ఆ సినిమాలో రిప్పర్ మళ్లీ మద్యశాల యజమానే, టామ్ బెయిలీ. కానీ ఈసారి ఆయన పాత్ర రెండు నిమిషాలకు ఆగదు. కథానాయకుడితో పాటు రాత్రిపూట సమాధులు తవ్వడానికి పార పట్టుకుని వెళ్లేది ఆయనే.